వర్మగారింట్లో షఫీ

1984లో దూరదర్శన్‌లో మొదలై శుక్రవారం రాత్రుళ్లు వచ్చిన 'యే జో హై జిందగీ'ని ఇప్పటికీ చాలామంది బెంగగా తలుచుకుంటారు. శుభ్రమైన హాస్యమనీ, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సీరియల్ అనీ అంటారు. అందులో అబద్ధం లేదు. రంజిత్ వర్మ, భార్య రేణు, ఆమె తమ్ముడు రాజా. వారానికో చిన్న తగాదా, అరగంటలో రాజీ. హిందీ వ్యంగ్య రచయిత శరద్ జోషి రాశాడు. కుందన్ షా, ఎస్.ఎస్. ఒబెరాయ్, రమణ్ కుమార్ తీశారు. కిశోర్ కుమార్ పాటతో మొదలయ్యేది. సతీష్ షా వారానికో కొత్త వేషంలో దిగేవాడు. మన ఇండ్లల్లో కూడా విరగబడి నవ్వారు. పైగా ఆ హిందుస్తానీ మనకు ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు.

కానీ 'ఇంటిల్లిపాదీ' అనే మాట దగ్గర కాస్త ఆగుదాం. ఎవరి ఇల్లది?

రంజిత్ వర్మగా నటించింది షఫీ ఇనాందార్. కొంకణ్‌లోని రత్నగిరి ప్రాంతం నుంచి వచ్చిన ముస్లిం. గుజరాతీ, మరాఠీ, హిందీ నాటకాల్లో ఆరితేరినవాడు. దేశం మొత్తానికి మధ్యతరగతి భర్త అంటే ఎట్లా ఉంటాడో చూపించినవాడు. ఈ మాట చెప్పగానే మన లౌకికవాద మిత్రులు సంతోషపడతారు: 'చూశారా, ఒక ముస్లింని వర్మగా ఎవరూ వేలెత్తి చూపలేదు, కళకు మతం లేదు' అని. ఇందులో సగం నిజం ఉంది, దాన్ని కోపంలో కొట్టిపారేయొద్దు. 1944లో తెరకెక్కిన యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ కావాల్సి వచ్చింది. మహజబీన్ మీనాకుమారి అయింది. షఫీకి ఆ అవసరం రాలేదు. టైటిల్స్‌లో తన పేరుతోనే ఉన్నాడు. నలభై ఏళ్లలో వచ్చిన మార్పు అది, చిన్నదేం కాదు.

మిగతా సగం సంగతేంటి? టైటిల్స్ దాకా వచ్చిన ఆ పేరును, చెప్పులు గడప బయట విడిచినట్టు విడిచి, కథలోకి వర్మగా వెళ్లాలి. అంతకు ముందు ఏడాదే, 1983లో, 'అర్ధసత్య'లో ఇదే షఫీ ఇన్‌స్పెక్టర్ హైదర్ అలీ. అంటే పోలీసు స్టేషన్‌లో హైదర్ అలీకి చోటుంది. వీధిలోనూ ఉంది: 1986లో కుందన్ షా, సయీద్ మీర్జా కలిసి తీసిన 'నుక్కడ్'లో కాదర్‌భాయ్ హోటల్ నడుపుతాడు. ఆ వేషం వేసింది అవతార్ గిల్. షఫీ వర్మ అవుతాడు, గిల్ కాదర్ అవుతాడు, నటుల మధ్య గోడ లేదు. గోడ పాత్రలకే. వర్మకు సోఫా, పడకగది, వంటిల్లు, అలకలు. కాదర్‌భాయ్‌కి వీధి మలుపు.

అట్లని దూరదర్శన్ ముస్లింను అసలే చూపలేదని కాదు. 1988లో గాలిబ్‌ను చూపింది, 1990లో టిప్పు సుల్తాన్‌ను చూపింది. షేర్వానీ, షాయరీ, కత్తి. దాల్ సరస్సు మీద పడవ ఇల్లు నడిపే కుటుంబం కథ 'గుల్ గుల్షన్ గుల్ఫామ్' కూడా వచ్చింది. మంచిదే. అయితే అది కాశ్మీర్, చూసేవాళ్లకు యాత్రాస్థలం. గ్యాస్ బండ అయిపోయిన రోజే చుట్టాలు దిగితే తల పట్టుకునే ఖాలా ఏది? బాస్‌ను దావత్‌కు పిలిచి ఇరుక్కుపోయే గుమాస్తా రహీమ్ ఏడి? మనల్ని గొప్పవాళ్లుగా చూపడానికి వాళ్లకు ఇబ్బంది లేదు. మామూలువాళ్లుగా చూపడమే చేతకాలేదు. నవ్వించే కుటుంబం అంటే 'మనలాంటి' కుటుంబం. ఆ 'మన'లో ఎవరున్నారన్నదే పేచీ.

చేసినవాళ్లు దుర్మార్గులని కాదు. శరద్ జోషి స్వయంగా ఇర్ఫానా సిద్దిఖీని పెళ్లాడినవాడు. రెండు పేర్ల సంసారం ఎట్లా ఉంటుందో, అందులో ఎంత హాస్యం పుడుతుందో ఆయనకు ఇంకొకరు చెప్పాలా? అంతటివాడు కూడా ఇంటికి వర్మ అనే పెట్టాడు. ఆ పేరును ఎవరూ పేరుగా వినరు కాబట్టి. షఫీ అంటే మాత్రం ముందు మతమే వినబడుతుంది.

అదే 1984లో మన హైదరాబాద్ పాతబస్తీ కర్ఫ్యూల్లో నలిగింది. నవంబర్‌లో ఢిల్లీలో సిక్కులను తలపాగా చూసి చంపారు. పేరూ, వాలకమే ప్రాణం తీసిన ఏడాది టీవీలో ఒక ముస్లిం వర్మగా హాయిగా కాపురం చేశాడు. తెర బయట ఆ సౌకర్యం లేదు. కిరాయి ఇంటికోసం పోతే అడ్వాన్సు ఎంతో చెప్పాక, గది చూపించాక, ఓనరు పేరడుగుతాడు. చెప్పగానే ఆ ఇల్లు ఎవరికో ముందే మాటిచ్చేసి ఉంటాడు. అక్కడ నటన పనికిరాదు, రేషన్ కార్డు చూపించాలి.

షఫీ ఇనాందార్ 1996 మార్చి 13న, యాభై ఏళ్లకే పోయాడు. అప్పటికి ఏడాది ముందు, 1995లో, 'నుక్కడ్' తీసిన సయీద్ మీర్జాయే 'నసీమ్' అనే సినిమా తీశాడు. బొంబాయిలో ఒక ముస్లిం ఇల్లు. మంచాన పడ్డ తాతగా కైఫీ ఆజ్మీ, మన హైదరాబాద్ అల్లుడు. మనవరాలికి కథలు చెబుతాడు, నవ్విస్తాడు. ఆ ఇంట్లో చదువుంది, వంటుంది, చిన్న చిన్న చిరాకులున్నాయి, అన్నీ మామూలుగా. కథ 1992 జూన్‌లో మొదలై డిసెంబర్ 6 దాకా నడుస్తుంది.