అద్దె గదికి కాగితమే అండ
ఖాళీ చేయించాలన్నా, చేయాలన్నా ముందస్తు నోటీసు తప్పనిసరి

ఎల్లారెడ్డిపేట: పై చదువుల కోసం మండలంలోని పల్లెల నుంచి ఏటా ఎందరో విద్యార్థులు సిరిసిల్ల, కామారెడ్డి, కరీంనగర్‌ పట్టణాలకు వెళ్లి గదులు కిరాయికి తీసుకుంటారు. నలుగురు కలిసి అడ్వాన్సు పోగుచేసి ఇస్తారు గానీ కాగితం రాసుకోరు. పరీక్షల ముందు యజమాని ‘రేపే ఖాళీ చేయండి’ అన్నప్పుడో, చదువు ముగిశాక అడ్వాన్సు చేతికి రానప్పుడో చిక్కులు మొదలవుతాయి. ఈ విషయంలో చట్టం ఏం చెబుతోందో తెలుసుకుంటే నష్టపోయే ప్రమాదం తగ్గుతుంది.

పదిహేను రోజుల గడువు
ఒప్పందంలో గడువు రాసుకుంటే అదే చెల్లుతుంది. ఏమీ రాసుకోని పక్షంలో 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలోని 106వ సెక్షన్‌ వర్తిస్తుంది. దాని ప్రకారం నివాస గృహం అద్దె నెలవారీ కౌలుగా పరిగణింపబడుతుంది. ఎవరు ముగించదలచినా 15 రోజుల ముందు సంతకంతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన రోజు నుంచి గడువు లెక్కిస్తారు. ఈ నియమం విద్యార్థికీ వర్తిస్తుంది. చెప్పకుండా తాళంచెవి ఇచ్చి వెళ్లిపోతే ఆ గడువు అద్దెను యజమాని కోరవచ్చు. హాస్టల్‌లో పడకకు చెల్లించేది సాధారణంగా అద్దె కిందికి రాదు. అక్కడ చేరేటప్పుడు ఒప్పుకున్న షరతులే ముఖ్యం.

పదకొండు నెలలు ఎందుకు?
ఏడాదికి మించిన అద్దె ఒప్పందాన్ని తప్పనిసరిగా రిజిస్ట్రేషన్‌ చేయించాలి. అందుకే చాలామంది 11 నెలలకు రాసుకుంటారు. గడువు తీరాక కూడా యజమాని అభ్యంతరం చెప్పకుండా అద్దె తీసుకుంటే అది నెలవారీ కౌలుగా కొనసాగుతుంది. గడువుకు ముందే వెళ్లే వీలుండాలంటే ఆ షరతును ఒప్పందంలో ముందే రాయించుకోవాలి. విద్యా సంవత్సరం ముగిసే నెలను బట్టి గడువు పెట్టుకోవడం మేలు.

సంతకం ఎవరిది?
18 ఏళ్లు నిండని వారు చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఇంటర్‌ విద్యార్థుల పక్షాన తల్లిదండ్రులే సంతకం చేయాలి. నలుగురు ఉమ్మడిగా సంతకం చేశాక ఒకరు వెళ్లిపోతే, పూర్తి అద్దెను మిగిలిన వారిలో ఎవరి నుంచైనా యజమాని కోరవచ్చు. ఎవరి వాటా ఎంతో విడిగా రాసుకోవడం మంచిది.

అడ్వాన్సు జాగ్రత్త
రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అయితే రాష్ట్రం దానిని తన చట్టంగా చేసుకుంటేనే అది వర్తిస్తుంది. కాబట్టి అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగి ఇవ్వాలి, సున్నం ఖర్చు ఎవరిది, కరెంటు బిల్లు ఎవరు కట్టాలి అన్నవి కాగితంపై ఉండాలి. సహజమైన అరుగుదలకు కిరాయిదారు బాధ్యుడు కాడు. చేరే రోజే గోడలు, తలుపులు, నల్లాల ఫొటోలు తీసి ఉంచుకోవాలి. ప్రతి చెల్లింపునకూ రసీదు తీసుకోవాలి.

బలవంతంగా వెళ్లగొడితే
న్యాయ ప్రక్రియ లేకుండా సామాన్లు బయట పడేసి తాళం వేస్తే, 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం కింద ఆరు నెలల లోపు సివిల్‌ కోర్టును ఆశ్రయించవచ్చు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం అందిస్తుంది. 15100 నంబరుకు ఫోన్‌ చేసి సలహా పొందవచ్చు.