నెడగొల్ల ఇనుము

1870 జనవరి 23, ఆదివారం. కళింగపట్నం రేవులో పొద్దు గూకింది. వంశధార సముద్రంలో కలిసేచోట నీళ్లు నల్లబడ్డాయి. సంక్రాంతి వెళ్లినా చలి తగ్గలేదు. పుష్య బహుళం, చంద్రుడు రావాలంటే అర్ధరాత్రి దాకా ఆగాలి. రాత్రి ఏడు కావస్తోంది. ఇక్కణ్ణుంచి వాయవ్యంగా, పాలకొండ మీదుగా, నేరుగా కొలిస్తే 75 కిలోమీటర్ల దాకా రండి. పార్వతీపురం దగ్గర నెడగొల్ల అనే ఊరు.

పైనుంచి ఏదో వచ్చి పడింది. పక్కనే ఉన్న మనిషికి దిమ్మ తిరిగిపోయింది. ఆ మాట రికార్డుల్లోకి కూడా ఎక్కింది.

పడినదాన్ని చేతుల్లోకి తీసుకోండి. పీచు తీసిన కొబ్బరికాయంత ఉంటుంది, తూకం మాత్రం నాలుగున్నర కిలోలు. రాయి కాదు, ఇనుము. రాతి ఉల్కలు పడగా చూసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇనుము పడగా చూసినవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద బహు తక్కువ.

ఇది నిజంగా ఆకాశం నుంచి వచ్చిందా, ఏ కమ్మరి కొలిమి దగ్గరో మిగిలిన ముద్దా? అప్పటి రసాయనవేత్తలు దీన్ని తేల్చే తీరు చూద్దాం. అంచున చిన్న రేణువు గీరి నత్రికామ్లంలో వేయండి. బుసబుసా పొంగి, గోధుమరంగు పొగ లేస్తుంది, ముక్కు మూసుకోండి. కరిగాక అమోనియా ధారాళంగా పోయండి. ఇనుము తుప్పురంగు మడ్డిగా అడుక్కి దిగుతుంది. పైన తేరిన నీళ్లలో నీలం జీర కనిపిస్తే, అది నికెల్. కొలిమి ఇనుములో అది ఉండదు. 1798లో కాశీ దగ్గర పడిన రాళ్లలోని లోహపు రేణువుల్లోనూ, అక్కడక్కడా దొరికిన ఇనుప ముద్దల్లోనూ నికెల్ ఉందని 1802లో లండన్‌లో ఎడ్వర్డ్ హోవార్డ్ చూపించాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందే ఇవి ఆకాశం నుంచి పడతాయని పుస్తకం రాసిన క్లాడ్నీని చాలామంది నమ్మలేదు. వాళ్ల నోళ్లు మూయించడానికి ఈ నికెల్ బాగా పనికొచ్చింది.

రెండో పరీక్ష ఇంకా అందమైనది. ముక్క కోసి, అద్దంలా నునుపు చేసి, పలచని ఆమ్లం పూయాలి. నిమిషాల్లో ఒకదాన్నొకటి కోసుకునే పట్టీలు పైకి తేలతాయి. నికెల్ తక్కువున్న కామసైట్‌ను ఆమ్లం ఎక్కువగా తింటుంది, నికెల్ ఎక్కువున్న టీనైట్ మెరుస్తూ నిలుస్తుంది. 1808లో వియన్నాలో విడ్‌మాన్‌స్టాటెన్ చూసింది ఇదే. అంతకు నాలుగేళ్ల ముందే నేపుల్స్‌లో విలియం థామ్సన్ దీన్ని చూసి, ఏకంగా అచ్చు వేయించాడు కూడా. పేరు మాత్రం అచ్చు వేయించని వియన్నా ఆయనకే దక్కింది. లోహం లక్షల ఏళ్ల పాటు మెల్లగా చల్లారితే తప్ప ఆ పట్టీలు పెరగవు.

ఇప్పుడు నెడగొల్ల ముక్కకు ఆమ్లం పూయండి. చూడండి, ఇంకాసేపు చూడండి. పట్టీలు లేవు.

ఇలాంటివాటిని ఏటాక్సైట్లు అంటారు. మామూలుగా వాటిలో నికెల్ 16 శాతం పైమాటే. దీనిలో ఆరు దగ్గరే ఆగింది. పట్టీలు లేకపోవడానికి నికెల్ ఎక్కువవడం కారణం కాదన్నమాట. నా మటుకు నాకు పట్టీలున్న వంద ఉల్కల కంటే ఇదే ఆసక్తి. ఏ గుంపులోనూ ఇమడలేదు, ఇప్పటికీ జాబితాల్లో ఒంటరిదే.

సరిగ్గా నూరేళ్లకు, 1970లో, వై, వాసన్ అనే ఇద్దరు ఈ లోహంలో సిలికాన్ కరిగి ఉందని చెప్పారు. ఆక్సిజన్ బాగా కరువైనచోట తప్ప సిలికాన్ లోహంలోకి చేరదు. చిక్కేమిటంటే ఇందులో మాలిబ్డినం, టంగ్‌స్టన్ తక్కువగా ఉండటం ఆక్సిజన్ ఉన్నచోటును సూచిస్తుంది. రెండూ ఒకే ముద్దలో ఎలా?

2022లో జర్మనీ శాస్త్రవేత్తలు మాలిబ్డినం, రుథీనియం, నికెల్ ఐసోటోపులు కొలిచి జవాబు చెప్పారు. సౌరకుటుంబం లోపలి భాగంలో, ఆక్సిజన్ కరువైనచోట పుట్టిన గ్రహశకలమొకటి, ఆక్సిజన్ ఉన్న బయటి భాగం నుంచి వచ్చినదొకటి గుద్దుకుని, వాటి గర్భంలోని లోహం కలిసిపోయి ఉంటుందట. అదీ సౌరకుటుంబం పుట్టిన 70 లక్షల ఏళ్ల తర్వాతే. బయటివాటిని లోపలికి తోసింది, పెరుగుతున్న గురుగ్రహం అని వాళ్ల అంచనా. ఇలాంటి కలయికకు ఐసోటోపుల సాక్ష్యం దొరికిన మొదటి ఉల్క ఇదే.