గోడమీది పట్టిక నుండి జేబులోని ఫోను దాకా



మన పెద్దలు నమాజు వేళలకు మసీదు గోడమీది పట్టికను చూసేవారు, అజాన్ వినేవారు. ఇంకా వెనుకకు వెళితే, డెమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో వేళలు లెక్కగట్టే పండితుడు ఇబ్న్ అల్ షాతిర్ 1371లో గొప్ప నీడ గడియారాన్ని తయారుచేశారు. ఆ పాలరాతి పలక వేళ చెప్పేదే గాని, ఎవరి పేరూ ఊరూ అడిగేది కాదు. నేడు ఆ పని మన జేబులోని ఫోను చేస్తున్నది. ఈ మార్పు ఎట్లా వచ్చిందో మన కుటుంబాలవారికి తెలియాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

వస్తువులను కంప్యూటర్లకు తగిలించాలనే ఆలోచన చిన్న అవసరాల నుంచే పుట్టింది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కోక్ యంత్రం దాకా నడిచి వెళితే ఒక్కొక్కప్పుడు సీసాలుండేవి కావు, ఉన్నా చల్లగా ఉండేవి కావు. 1982 ప్రాంతంలో వారు ఆ యంత్రానికి తీగలు కలిపి, సీసాలు చల్లబడ్డాయో లేదో కూర్చున్నచోటనే చూసుకున్నారు. 1990లో జాన్ రాంకీ రొట్టె కాల్చే టోస్టరును ఇంటర్నెట్ ద్వారా నడిపి చూపారు. 1991లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి పరిశోధకులు కాఫీ పాత్ర ఎదుట కెమేరా పెట్టారు. 1993 నుంచి ఆ బొమ్మను లోకమంతా చూసింది. 2001 ఆగస్టు 22న దానిని ఆపివేశారు. మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ 1995 ఆగస్టు 15న అందుబాటులోకి వచ్చింది.

అంతవరకు మనిషి యంత్రాన్ని చూశాడు. ఆ తరువాత యంత్రమే మనిషిని చూడసాగింది.

నమాజు వేళ, ఖిబ్లా దిక్కు ఊరినిబట్టి మారుతాయి గదా! కనుక ఫోను మనమెక్కడున్నామని అడగడం సబబే. అయితే ఆ జవాబు ఎక్కడికి పోతున్నది? ప్రపంచమంతటా కోట్లాదిమంది దించుకున్న ముస్లిం ప్రో అనే యాప్ నుంచి వాడేవారి లొకేషన్ వివరాలు ఎక్స్-మోడ్ అనే కంపెనీకి చేరుతున్నాయనీ, ఆ కంపెనీ ఇటువంటి వివరాలను అమెరికా సైన్యపు కాంట్రాక్టర్లకు అమ్ముతున్నదనీ 2020 నవంబరులో పత్రికలలో వెల్లడైంది. వెంటనే ఆ యాప్ వారు ఎక్స్-మోడ్‌తో సంబంధం తెంచుకుంటున్నామని ప్రకటించారు. ప్రార్థనాలయాల వంటి చోట్లకు వెళ్ళేవారి వివరాలు అమ్మరాదని 2024 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఎక్స్-మోడ్‌ను కట్టడి చేసింది.

దీన్నిబట్టి ఫోనును పారవేయమని మేము చెప్పడం లేదు. దూరదేశాన ఉన్న బిడ్డకు ఫజర్ వేళ చెబుతున్నది అదే. కాని ఒక ఇంటి ఆచూకీ అమానతు వంటిది, అడిగిన ప్రతివానికీ ఇచ్చేది కాదు. చాలా యాప్‌లలో లొకేషన్ అనుమతి ఇవ్వకుండా ఊరి పేరు మనమే ఎంచుకోవచ్చు. పిల్లలూ! ఇవాళే అమ్మమ్మ ఫోను, నానమ్మ ఫోను తీసి ఆ ఒక్క పని చేసిపెట్టండి.

అల్లాహ్ మనకు మేలైన విద్యను, దానిని వాడే వివేకాన్ని ప్రసాదించుగాక. ఆమీన్.