లెక్కకు అందని ఎండ: వెరిబీ లోయలో 2009 నాటి వడగాడ్పులు

మెల్‌బోర్న్ నగరానికి పడమరగా, పాతిక కిలోమీటర్ల దూరంలో టార్నీట్ ఉంది. ఈనాడు అక్కడి వీధుల్లో తెలుగు మాట వినిపించడం వింత కాదు. 2015లో రైల్వేస్టేషను వచ్చిన తర్వాత ఊరు మరింత వేగంగా పెరిగింది. అంతకు ముందు తరంవారికి మాత్రం అది గొర్రెలు మేసే మైదానం. నల్లరాతి నేల, ఆ రాళ్ళనే పేర్చి కట్టిన పొలం గోడలు. ఊరికి పడమటి హద్దు వెరిబీ నది. వోంబాట్ అడవుల్లో పుట్టిన ఈ నది బాకస్ మార్ష్ లోయలోని పండ్లతోటలను, కూరగాయల పొలాలను తడిపి, టార్నీట్ పక్కగా సాగి, వెరిబీ సౌత్ వద్ద పోర్ట్ ఫిలిప్ అఖాతంలో కలుస్తుంది. కొండల చాటున ఉండటంతో ఈ మైదానంలో వర్షం తక్కువ. కాలీఫ్లవర్, బ్రాకలీ, లెట్యూస్ వంటి పంటలు నిలబడేది కాలువ నీటి మీదనే. సుదీర్ఘమైన కరువులో ఆ నీరు కూడా చాలక, 2005 నుంచి నగరపు మురుగును శుద్ధిచేసిన నీటిని పొలాలకు మళ్ళించారు.

ఆ కరువు ఇంకా వీడక ముందే 2009 జనవరి వచ్చింది. అక్కడ జనవరి నడివేసవి. ఉత్తరాన ఉన్న ఎడారి నుంచి వీచే పొడిగాలి దక్షిణ తీరం మీద నిలిచిపోయింది. మెల్‌బోర్న్‌లో జనవరి 28న 43.4, 29న 44.3, 30న 45.1 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. వరుసగా మూడు రోజులు 43 డిగ్రీలు దాటడం ఆ నగర చరిత్రలో అదే మొదటిసారి. రాత్రులు కూడా చల్లబడలేదు. రైలు పట్టాలు వంకరపోయాయి. 30వ తేదీ సాయంత్రం విద్యుత్తు నిలిచిపోయి లక్షల ఇళ్ళు చీకటిలో మునిగాయి. ఏసీలు, ఫ్యానులు అత్యవసరమైన వేళకే ఆగిపోయాయి. వారం తిరగగానే, ఫిబ్రవరి 7న, మెల్‌బోర్న్‌లో 46.4 డిగ్రీలు, టార్నీట్‌కు నైరుతిగా ఉన్న ఆవలాన్‌లో 47.9 డిగ్రీలు నమోదయ్యాయి. ఆ రోజు చెలరేగిన కార్చిచ్చులో 173 మంది చనిపోయారు. ఆస్ట్రేలియా దాన్ని ‘బ్లాక్ సాటర్‌డే’గా గుర్తుంచుకుంది. రాయల్ కమిషన్ విచారణ జరిగింది, స్మారకాలు వెలిశాయి.

అయితే అంతకు ముందు వారంలోనే, ఏ మంటా లేకుండా, అంతకు రెట్టింపు మంది మరణించారు. జనవరి 26 నుంచి ఫిబ్రవరి 1 వరకు విక్టోరియా రాష్ట్రంలో 980 మరణాలు సంభవించాయి. అంతకు ముందు అయిదేళ్ళలో అదే వారపు సగటు 606. అంటే 374 మరణాలు అదనం. మృతుల్లో అత్యధికులు వృద్ధులు. ఈ సంఖ్య ఆసుపత్రి ధ్రువపత్రాలను ఏరి కూర్చినది కాదు. ‘వడదెబ్బ’ అని రాసి ఉన్న పత్రాలను మాత్రమే లెక్కిస్తే ఇందులో కొద్దిభాగమే తేలుతుంది. మిగిలినవారి పత్రాలపై ఉండేవి గుండెపోటు, పక్షవాతం, మూత్రపిండాల వైఫల్యం వంటి మాటలే. ఎండ చంపే తీరే అది. చర్మానికి రక్తాన్ని మళ్ళించి, చెమట పట్టించి శరీరం తన వేడిని వదిలించుకోవాలి. దానికోసం గుండె మామూలుకన్నా చాలా ఎక్కువ పని చేయాలి. చెమటతో నీరు పోయి రక్తం చిక్కబడుతుంది. అలసిన గుండె, అరిగిన మూత్రపిండాలు ఆ భారాన్ని రెండు మూడు రోజులు మోయగలవు. రాత్రి చల్లబడి కాస్త విశ్రాంతి దొరికితే కోలుకుంటాయి, దొరకకపోతే కూలిపోతాయి.

ఈ విస్మృతి కొత్తది కాదు. 1939 జనవరి 13న మెల్‌బోర్న్‌లో 45.6 డిగ్రీలు నమోదైనప్పుడు కూడా చరిత్రకెక్కింది 71 మందిని బలిగొన్న కార్చిచ్చే. ఆ వేసవి వేడి ఆగ్నేయ ఆస్ట్రేలియాలో నాలుగు వందల మందికి పైగా ప్రాణాలు తీసిందన్న సంగతి పరిశోధకులకు తప్ప ఎవరికీ పట్టలేదు. ఆ ఖండంలో వరదలు, తుఫానులు, కార్చిచ్చుల వంటి ప్రకృతి విపత్తులన్నీ కలిసి తీసిన ప్రాణాలకంటే ఎండ తీసినవే ఎక్కువ.

తెలుగునేల మీద లెక్క మరో రకం. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్‌లో 1,369 మంది, తెలంగాణలో 541 మంది చనిపోయారని అధికారిక లెక్కలు చెప్పాయి. అక్కడ వడదెబ్బ మృతిని నిర్ధారించేది మండల స్థాయి కమిటీ. తహసీల్దారు, పోలీసు అధికారి, వైద్యాధికారి అందులో సభ్యులు. నష్టపరిహారం దానితో ముడిపడి ఉంటుంది. కనుక పొలంలోనో, ఉపాధి పనిలోనో, రోడ్డు పక్కనో కుప్పకూలిన కూలీ మరణం లెక్కకు వస్తుంది. రేకుల ఇంట్లో మంచం మీద మూడో రోజు రాత్రి కన్నుమూసిన ముసలమ్మ మరణం చాలాసార్లు రాదు. విక్టోరియా పద్ధతిలో ఏ మరణం ఎండది అన్నది తేలదు గానీ మొత్తం ఎందరు పోయారో తెలుస్తుంది. తెలుగు రాష్ట్రాల పద్ధతిలో పేర్లు తెలుస్తాయి, మొత్తం తెలియదు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌లో పరిశోధకులు మొదటి పద్ధతిని అనుసరించినప్పుడు ఒక్క నగరంలోనే 1,344 అదనపు మరణాలు బయటపడ్డాయి. 2013లో ఆ నగరం రూపొందించుకున్న వేసవి కార్యాచరణ ప్రణాళికకు ఆ లెక్కే పునాది.

టార్నీట్‌లో స్థిరపడిన తెలుగువారికి ఈ రెండు చరిత్రలూ వర్తిస్తాయి. ‘రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి’ అన్న సామెత వింటూ పెరిగినవారికి, రెంటచింతల ఎండలు చూసినవారికి, మెల్‌బోర్న్ ఎండ ఒక లెక్కా అనిపించడం సహజం. ఆ ధీమాకు శరీరధర్మం మద్దతునివ్వదు. ఎండకు అలవాటుపడటానికి శరీరానికి ఒకటి రెండు వారాలు కావాలి. ఆ కాలంలో చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం, రక్తపరిమాణం పెరగడం వంటి మార్పులు జరుగుతాయి. ఎండకు దూరమైన కొన్ని వారాల్లోనే ఆ సామర్థ్యం జారిపోతుంది. గుంటూరులో ఉగాది నుంచి రోహిణి దాకా ఎండ మెట్టుమెట్టుగా ముదురుతుంది. మెల్‌బోర్న్‌లో ఇరవై డిగ్రీల నుంచి నలభై మూడుకు నాలుగైదు రోజుల్లోనే ఎగబాకగలదు. పిల్లలను చూడటానికి జనవరిలో వచ్చే తల్లిదండ్రులు సంక్రాంతి చలిలోంచి వస్తారు. వారి శరీరానికి అప్పుడు మే నెల జ్ఞాపకం ఉండదు. పైగా వృద్ధాప్యంలో దాహం సరిగా తెలియదు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు నీటిని బయటకు పంపుతాయి. మానసిక వ్యాధులకు వాడే కొన్ని మందులు చెమటను అణచివేస్తాయి.

ఇళ్ళు కూడా మారాయి. పల్లెలో వసారా, వేపచెట్టు, కుండనీళ్ళు, పలచటి మజ్జిగ, మధ్యాహ్నం పని మానే అలవాటు కలిసి ఒక రక్షణ వ్యవస్థగా పనిచేశాయి. నగరపు పశ్చిమ శివార్లలో చెట్ల నీడ తక్కువ. ముదురు రంగు పైకప్పులతో దగ్గర దగ్గరగా కట్టిన ఇళ్ళు పగలంతా తాగిన వేడిని రాత్రి వదులుతాయి. పిల్లలు పనికి వెళ్ళాక తలుపులు మూసిన ఇంట్లో ఒంటరిగా మిగిలేది పెద్దవారే. వెరిబీ సౌత్ పొలాల్లో అయితే కోత ఆగదు. ఎండకు ఆకు వాడితే పంట పోతుంది కనుక, పొలం పనివారు తెల్లవారకముందే దిగవలసి వస్తుంది. వారికి నీడ, నీళ్ళు, విరామం ఏర్పాటుచేయడం యజమాని దయ కాదు, బాధ్యత.

2009 తర్వాత విక్టోరియా ప్రభుత్వం వేడి హెచ్చరికల పద్ధతిని నెలకొల్పింది. పగటి గరిష్ఠానికి ఆ రాత్రి కనిష్ఠాన్ని కలిపి సగటు కట్టి, మెల్‌బోర్న్‌లో అది 30 డిగ్రీలకు చేరుతుందనుకుంటే హెచ్చరిక జారీచేసేవారు. రాత్రిని లెక్కలోకి తీసుకోవడమే అందులో ముఖ్యమైన విషయం. 2014 జనవరి 14 నుంచి 17 వరకు వరుసగా నాలుగు రోజులు 41 డిగ్రీలు దాటినప్పుడు అదనపు మరణాలు 167. ఆ రెండు వడగాడ్పుల స్వభావం ఒకటి కాదు కనుక తగ్గుదల ఘనతను పూర్తిగా హెచ్చరికలకే కట్టబెట్టలేము. కానీ 2009లో ఆ 374ను లెక్కించి ఉండకపోతే 2014లో పోల్చి చూడటానికి ఏమీ ఉండేది కాదు. తెలుగు జిల్లాల్లో ప్రతి వేసవిలోనూ నమోదయ్యే మొత్తం మరణాలను వారం వారం వెలువరిస్తే, మంచం మీద పోయిన ముసలమ్మ కూడా లెక్కలోకి వస్తుంది. టార్నీట్‌లో చేయవలసినది ఇంకా చిన్నది: నలభై దాటిన రోజున, పక్క ఇంట్లో ఒంటరిగా ఉన్న పెద్దవారి తలుపు పగలు ఒకసారి, రాత్రి ఒకసారి తట్టి చూడటం.