ఎండకాలములో ఘాట్ రోడ్డు ఎక్కిన మోటారు బండ్లు

విశాఖపట్నమునుండి శృంగవరపుకోట మీదుగా అరకులోయకు పాతకాలపు కార్లలో వెళ్ళిన పెద్దలకు "వేపర్ లాక్" అను మాట క్రొత్త కాదు. మే నెల మధ్యాహ్నము ఘాట్ రోడ్డు మలుపులో కారు ఆగిపోవును. ట్యాంకులో పెట్రోలున్నది, బ్యాటరీ బాగున్నది. అయినను ఇంజను పట్టదు. ఈ చిక్కు ఎట్లు వచ్చినదో, ఎట్లు పోయినదో క్లుప్తముగా మనవి చేయుచున్నాము.

తొలి మోటార్లకు కొండదారిలో వేరొక బాధ ఉండెను. 1908 నుండి 1927 వరకు తయారైన ఫోర్డ్ మోడల్-టి కారులో పెట్రోలు పంపు లేదు. సాధారణముగా ముందుసీటు క్రింద ఉండు ట్యాంకునుండి పెట్రోలు తన బరువుచేతనే కార్బురేటరుకు దిగవలెను. నిటారు కొండపై కారు ముందుభాగము పైకి లేచినప్పుడు, ట్యాంకులో పెట్రోలు తక్కువైనచో అది అందక ఇంజను ఆగిపోయెడిది. అందుచేత డ్రైవర్లు కారును త్రిప్పి, రివర్సు గేరులో కొండ ఎక్కెడివారు!

ఆ బాధను పంపు తీర్చినది. 1930ల నాటికి ఇంజనుకే అమర్చిన పంపు విరివిగా వాడుకలోనికి వచ్చినది. అయితే మేలు వెంట చిక్కు కూడ వచ్చినది. పంపు వేడి ఇంజను ప్రక్కనే ఉన్నది. ద్రవమును నెట్టుటకు చేసిన పంపు ఆవిరిని సరిగా నెట్టలేదు. పెట్రోలులోని తేలిక భాగములు సుమారు 40 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే మరుగసాగును. ఎత్తునకు పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును గనుక ఇంకను తక్కువ వేడికే మరుగును. నీరు సముద్రతీరమున 100 డిగ్రీలకు మరుగగా, 2,200 మీటర్లకు పైనున్న ఉదకమండలములో సుమారు 93 డిగ్రీలకే మరుగుట అందుచేతనే. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లే. కాని మైదానపు ఎండలో కాగిన ఇంజను చిన్న గేరులో మెల్లగా ఎక్కునప్పుడు దానికి చల్లగాలి చాలదు.

కాఫీకి ఆగి తిరిగి బయలుదేరునప్పుడు ఈ చిక్కు మరింత ఎక్కువ. ఇంజను ఆపగానే ఫ్యాను, నీటి ప్రవాహము నిలిచి బానెట్టు క్రింద వేడి పెరుగును. తొందరపడి కార్బురేటరులో పెట్రోలు పోసినచో మంటలు లేచు ప్రమాదముండెను. బానెట్టు ఎత్తి, పంపుపై తడిగుడ్డ వేసి, ఓపికపట్టుటే సరియైన వైద్యము. డీజిలు అంత తేలికగా ఆవిరి కాదు గనుక బస్సులకు, లారీలకు ఈ బాధ అంతగా లేదు.

2000 ప్రాంతములో మన దేశమున పొగ నిబంధనలు కఠినమై, క్రొత్త కార్లలో కార్బురేటరు పోయి ఇంజెక్షను వచ్చినది. విద్యుత్ పంపు ఇంజను వేడికి దూరముగా ట్యాంకులోనికే చేరినది. అది పెట్రోలును పీల్చుటకు బదులు గట్టి ఒత్తిడితో నెట్టును. ఒత్తిడిలోనున్న పెట్రోలు సులభముగా మరుగదు. అంబాసిడర్ కారు తయారీ 2014లో నిలిచిపోయినది. నేడు పిల్లలకు వేపర్ లాక్ అనగా తెలియదు.

పాత కార్లను ముచ్చటగా నిలుపుకొన్నవారు మాత్రము వేసవిలో తెల్లవారుజాముననే ఘాట్ ఎక్కుట మేలు. భౌతికశాస్త్రము చదువకయే ఆ మర్మము గ్రహించి, రెండు తరములవారిని క్షేమముగా కొండ దాటించిన డ్రైవర్లను ఈ శతాబ్ది సందర్భమున కృతజ్ఞతతో స్మరించుచున్నాము.