రెండోసారి కత్తి – తప్పెవరిది?

దసరాకి మా జుక్కల్ పోయినప్పుడు చుట్టాలింట్లో ఒకటే చర్చ. మా వదినకి ఆరేళ్ళ కింద హైదరాబాదులో బరువు తగ్గే ఆపరేషన్ అయింది. మొదట్లో బాగానే తగ్గింది, ఇప్పుడు మళ్ళీ పెరిగింది. పైగా రాత్రి పడుకుంటే గొంతులోకి పుల్లటి నీళ్ళు. డాక్టర్లు ఇంకో ఆపరేషన్ అంటున్నారు. "అన్ని పైసలు పెట్టి కోయించుకున్నంక నోరు కట్టుకోవాలె గదా!" అని అందరూ ఆమెనే అనుడు. పాపం, తల వంచుకుని కూచుంది.

నేను డాక్టర్ని కాను, ప్రోగ్రాములు రాసుకునేవాణ్ణి. కానీ ఈ ఆపరేషన్ల చరిత్ర చదివాక ఆమెను తప్పుపట్టబుద్ధి కాలేదు.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. 2015లో నటి ఆర్తీ అగర్వాల్ చనిపోయినప్పుడు వార్తల్లో విన్న లైపోసక్షన్ వేరు. అది చర్మం కింది కొవ్వు లాగేసేది. ఇది పొట్టనో, పేగునో మార్చేది.

1954లో అమెరికాలోని మిన్నెసోటా సర్జన్లు చిన్నపేగులో చాలా భాగాన్ని పక్కదారి పట్టించే పద్ధతి గురించి రాశారు. 1963లో పేన్, డీవిండ్ అనే డాక్టర్లు ఇంకో అడుగు ముందుకేసి చిన్నపేగు మొదటి భాగాన్ని నేరుగా పెద్దపేగుకే కలిపారు. బరువు తగ్గింది, కానీ విడవని విరేచనాలు, ఒంట్లో లవణాల లోపం! మళ్ళీ పొట్ట కోసి వెనక్కి కలపాల్సి వచ్చింది. ఆ తర్వాత చేసిన పేగు బైపాసుల్లోనూ కిడ్నీ రాళ్ళు, లివర్ పాడవడం. 1980ల నాటికి దాన్ని వదిలేశారు.

అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ 1966లో గ్యాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టాడు. అంతకన్నా సులువుగా ఉంటుందని 1980ల్లో పొట్టకి పిన్నులు కొట్టి, పట్టీ వేసే పద్ధతి తెచ్చిందీ ఆయనే. ఆ పిన్నుల వరస విడిపోయేది, దారి ఇరుకయ్యేది. చాలామందికి మళ్ళీ బైపాసే చేయాల్సొచ్చింది. 2001లో అమెరికాలో అనుమతి వచ్చిన, బిగువు మార్చుకోగల బ్యాండూ అంతే: జారడం, పొట్టలోకి కోసుకుపోవడం, చివరికి తీసేయడం.

ఇక మా వదినకి చేసిన స్లీవ్. పొట్టలో సుమారు మూడొంతులకు పైగా కోసి తీసేస్తారు. తమాషా ఏంటంటే, ఇది బాగా లావున్నవాళ్ళకి రెండు దశల ఆపరేషన్లో మొదటి దశగా వాడినది! కొందరికి రెండో దశ అవసరం పడకపోవడంతో అదే పూర్తి ఆపరేషన్ అయి కూచుంది. పుల్లటి నీళ్ళు దీనికి తెలిసిన ఇబ్బందే. అలాంటప్పుడు తరచుగా బైపాస్ గా మారుస్తారు.

మరి బరువు? స్వీడన్ వాళ్ళ పెద్ద అధ్యయనంలో ఆపరేషన్ అయినవాళ్ళు రెండేళ్ళకి సగటున 23 శాతం తగ్గితే, పదేళ్ళకి ఆ తగ్గుదల 16 శాతమే మిగిలింది. అయినా చేయించుకోనివాళ్ళకంటే వీళ్ళలో మరణాలు తక్కువని 2007లో తేలింది. అంటే ఆపరేషన్ వృథా కాదు, శాశ్వతమూ కాదు. తిండి అలవాట్లకి పాత్ర లేదనను. కానీ ఒంటికీ తన లెక్క తనకుంటుంది.

రెండోది మొదటిదాని కంటే కష్టం. లోపల అన్నీ అతుక్కుని ఉంటాయి, కుట్ల దగ్గర లీకయ్యే ప్రమాదం ఎక్కువ. అందుకే "వదినా, సిగ్గుపడకు. ముందు ఎండోస్కోపీ చేయించు. పొట్ట సాగిందా, ఇరుకైందా, పైకి జరిగిందా అడుగు. ఇట్లాంటివి ఆయన ఎన్ని చేసిండో కూడా అడుగు" అని చెప్పి వచ్చాను.

డెబ్బై ఏళ్ళుగా సర్జన్లే తమ పనిని తిరగరాసుకుంటూ వస్తున్నారు. మనం మాత్రం తప్పంతా పేషెంటు నోటి మీదకే తోస్తే ఎట్లా?