రక్తహీనత: కారణాల అన్వేషణ చరిత్ర

రక్తహీనత అంటే రక్తంలో ఎర్ర కణాలు గానీ, వాటిలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ గానీ తగ్గిన స్థితి. వాడుకలో ‘రక్తం పలచబడింది’, ‘ఒంట్లో రక్తం లేదు’ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం ప్రకారం హిమోగ్లోబిన్ డెసిలీటరుకు గర్భిణులలో సుమారు 11, ఇతర స్త్రీలలో 12, పురుషులలో 13 గ్రాములకు తగ్గకూడదు.

తొలి భావనలు

చరక, సుశ్రుత సంహితలు రక్తహీనతను పోలిన పాండురోగ లక్షణాలను వర్ణించాయి. దానికి ఇనుము కలిసిన మందులు ఆయుర్వేదంలో పూర్వం నుంచీ ఉన్నాయి. ఐరోపాలో 17వ శతాబ్దిలో థామస్ సిడెన్‌హామ్ పాలిపోయిన యువతులకు ఇనుప రజను ఇచ్చేవారు. రక్తంలో ఇనుము ఉందని 18వ శతాబ్ది మధ్యలో ఇటలీ వైద్యుడు మెంఘీని అయస్కాంతంతో నిరూపించారు. 1832లో ఫ్రాన్స్‌లో బ్లో అనే వైద్యుడు ఇనుప మాత్రలు ప్రవేశపెట్టారు. ఇనుముకు లొంగని ప్రాణాంతక రక్తహీనతను ఆంగ్ల వైద్యుడు థామస్ అడిసన్ 1855లో వివరించారు.

ఆహారలోపాల గుర్తింపు (1926–1948)

1926లో బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీ 45 మంది రోగులకు రోజూ కాలేయం తినిపించి ప్రాణాంతక రక్తహీనతను అదుపుచేశారు. అంతకుముందు కుక్కలపై ప్రయోగాలు చేసిన విపుల్‌తో కలిసి వారు 1934లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

1928లో బొంబాయి వచ్చిన ఆంగ్ల వైద్యురాలు లూసీ విల్స్ గర్భిణులలో ఎర్ర కణాలు పెద్దవిగా కనిపించే రక్తహీనతను పరిశోధించారు. చాలినంత తిండి లేని పేద స్త్రీలలో అది ఎక్కువ. చౌకగా దొరికే యీస్ట్ సారంతో అది నయమవుతుందని 1931లో ప్రకటించారు. ప్రాణాంతక రక్తహీనతకు పనిచేసే శుద్ధి చేసిన కాలేయ సారం ఈ రోగులకు పనిచేయలేదు. కాబట్టి లోపించినది వేరే పదార్థమని తేలింది.

ఆ పదార్థం ఫోలిక్ ఆమ్లం. 1941లో అమెరికాలో దానిని పాలకూర నుంచి వేరుచేశారు. 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని బృందం దానిని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన అన్న పురుషోత్తంను బలిగొన్న సంగ్రహణి (స్ప్రూ) అనే పేగుల వ్యాధి ఆయననూ పీడించింది. వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో సుబ్బారావు కోలుకున్నారు. సంగ్రహణిలో వచ్చే రక్తహీనతకు ఫోలిక్ ఆమ్ల లోపం ఒక ముఖ్య కారణం. సుబ్బారావు 1948లో మరణించారు. అదే ఏడాది బి12 విటమిన్‌ను వేరుచేయడంతో అడిసన్ వర్ణించిన వ్యాధిలో లోపించే పదార్థం తెలిసింది.

తరువాతి కాలం

రక్తహీనతకు దారితీసే కొడవలి కణ వ్యాధికి హిమోగ్లోబిన్ అణువులోని దోషమే కారణమని 1949లో లైనస్ పౌలింగ్ బృందం చూపింది. భారతదేశం 1970లో గర్భిణులకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రల పథకాన్ని, 2018లో ‘ఎనీమియా ముక్త్ భారత్’ను ఆరంభించింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము లోపంతో పాటు కొంకి పురుగులు, అధిక ఋతుస్రావం, మలేరియా, వంశపారంపర్య దోషాలు కూడా రక్తహీనతకు దారితీస్తాయి. బి12 లోపానికి ఫోలిక్ ఆమ్లం ఒక్కటే ఇస్తే రక్తం మెరుగైనా నరాల నష్టం సాగుతూనే ఉంటుంది. అందుకే కారణాన్ని నిర్ధారించడం చికిత్సలో విడదీయరాని భాగం.